ఆఖరి వరుస కుర్చీ

నాకు ముక్కు మీదే కోపం అంటారు మా ఆఫీసులో. ఉండదా మరి? వనపర్తిలో ఒక చాయ్ హోటలు మీద మా ఆఫీసు. మెట్లెక్కే చోట రేకు బోర్డు. ‘సుభాన్ – దేవరాజు: థియేటర్లు, కళాభవనాలు కట్టించువారు’ అని ఉంటుంది. దేవరాజు మా నాన్న. సుభాన్ ఆయన దోస్తు, నాకు చాచా, అంటే బాబాయి. నేను నిరోషను. ఆర్కిటెక్చర్ చదివి వచ్చి ఇక్కడే చేరాను. గీతలు నావి, లెక్కలు నావి, సైటు మీద మేస్త్రీలతో గొంతు చించుకునేది నేను. బోర్డు మీద మాత్రం నేను లేను!

“రాయనీకి నాకెంతసేపు పడ్తది బిడ్డా,” అంటాడు నాన్న. ఆ బోర్డు రాసింది ఆయనే. ఒకప్పుడు నాటకాల పరదాల మీద కోటలు, అడవులు వేసిన చెయ్యి. “కానీ రూలున్నది గదా.”

ఆ రూలు వింటే మీరు నవ్వుతారు. మా దగ్గర ఎవరి పేరైనా బోర్డుకెక్కాలంటే వాళ్ళు గీసిన హాలును చాచీ పాస్ చేయాలి. చాచీ అంటే సుభాన్ చాచా భార్య, జహీరున్నీసా. ఆమె ఖాళీ హాల్లో ఆఖరి వరుసలో నడిమి కుర్చీలో కూర్చుంటుంది. చాచా స్టేజీ మీద నిలబడి, మైకు లేకుండా, గుసగుసగా ఒక మాట అంటాడు. అది చెవిన పడితే చాచీ “ఇనబడ్డది!” అని గట్టిగా అరుస్తుంది. అప్పుడే హాలు పూర్తయినట్టు. “ఇనబడలే” అందంటే ఎంత పెద్ద హాలైనా మళ్ళీ పనిలో దిగాల్సిందే. చప్పుడు కొలిచే యంత్రాలు నా సంచిలో ఉన్నాయి. వాటి మొహం ఎవరు చూస్తారు!

ఈ రూలు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే సోమశిల దాకా పోవాలి. అప్పటికి చాచాకూ నాన్నకూ మీసాలు కూడా సరిగ్గా రాలేదు. శివరాత్రి జాతరలో కృష్ణ ఒడ్డున ఒక పక్క టూరింగ్ టాకీసు డేరా, దాన్ని ఆనుకునే పద్యనాటకం పందిరి. చాచా డేరా మనిషి, నాన్న నాటకం మనిషి. సినిమాలో ఫైటింగు మొదలైతే ఇక్కడ పద్యం వినపడదు. ఇక్కడ హార్మోనియం రెచ్చిపోతే అక్కడ డైలాగు వినపడదు. రెండు గుంపులూ కర్రలు తీసేదాకా వచ్చింది. అప్పుడు వీళ్ళిద్దరూ ఒక రైతును బతిమాలి బండ్ల కొద్దీ జొన్న చొప్ప తెచ్చి, డేరాకూ పందిరికీ నడుమ గోడలా పేర్చేశారు. అటు చప్పుడు అటే, ఇటు చప్పుడు ఇటే. మా సంస్థ కట్టిన మొదటి గోడ అదే. జాతర అయ్యాక ఎడ్లు దాన్ని తినేశాయి.

“అంత రుచిగల గోడ మళ్ల కట్టలే,” అని చాచా ఇప్పటికీ అంటాడు.

ఆ తర్వాత చాచా డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకున్నాడు, నాన్న బోర్డు రాశాడు. మొదటి హాలు తెలకపల్లిలో, సినిమా హాలు. గోడలు లేచాయి, కుర్చీలు వచ్చాయి, హైదరాబాదు నుంచి స్పీకర్లు మాత్రం రాలేదు. “ఈ హాలు పనికొస్తదో రాదో నాకిప్పుడే తెల్వాలె” అని ఓనరు మొండికేశాడు. చాచాకు కొత్తగా పెళ్ళయింది. భార్యకు హాలు చూపిద్దామని తీసుకొస్తే, ఆమె సిగ్గుపడి పోయి ఆఖరి వరుసలో నడుమ కూర్చుంది. చాచా పరేషాన్‌లో ఉన్నాడు. ఏమీ తోచక, ఓనరును తలుపు బయట నిలబెట్టి, తెర ముందు నుంచి గుసగుసగా ఏదో అన్నాడు. “ఇనబడ్డది!” అని చాచీ అరిచిన అరుపు బయటున్న ఓనరు చెవిలో పడింది. ఆయన ఇంకేమీ అడగలేదు.

అప్పటి నుంచి ప్రతి హాలుకూ ఇదే తంతు. కొల్లాపూర్‌లో అయినా, నాగర్‌కర్నూల్‌లో అయినా, ఆ కుర్చీలో చాచీ కూర్చోవాలి. సినిమా హాళ్ళ కాలం పోయింది. మేము కట్టినవి కొన్ని ఫంక్షన్ హాళ్ళయ్యాయి, కొన్నిట్లో వేరుశనగ బస్తాలు పేరుస్తున్నారు. మేమూ కళాభవనాలకు మళ్ళాం. ఉర్దూ కవుల ముషాయిరాలకు ఒకటి కట్టాం, చర్చి పిల్లల పాటలకు ఒకటి, బడి నాటకాలకు ఒకటి. పరీక్ష మాత్రం మారలేదు. ఆ సమయంలో లోపల వాళ్ళిద్దరే ఉంటారు, మిగతా మందంతా తలుపు బయట. అందుకే చాచా ఏమంటాడో ఎవరికీ తెలియదు. చాచీని అడిగితే “నీకెందుకే” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

“అబ్బా షాయరీ చెప్తడు,” అంటాడు తన్వీర్. తన్వీర్ వాళ్ళ కొడుకు. మా సైటు పనులన్నీ అతనే చూస్తాడు.

“మీ అబ్బా మొహానికి షాయరీ ఒకటి! కూరల ఉప్పెక్కువైందని చెప్తుండొచ్చు,” అంటాను నేను.

తన్వీర్ కూడా ఒకసారి హాలు గీశాడు. కన్నకొడుకు కదా అని చాచీ చూడలేదు. “ఇనబడలే” అంది. సీలింగంతా ఊడబీకాల్సి వచ్చింది. అప్పటి నుంచి తన్వీర్ పెన్సిలు ముట్టలేదు. నాకది గుర్తొస్తే అన్నం సయించేది కాదు.

ఎందుకంటే తర్వాతి వంతు నాదే. గద్వాలలో నాటక సమాజం వాళ్ళ కళాభవనం. వాళ్ళ అధ్యక్షుడు వెంకటన్న, పద్యమంటే ప్రాణమిచ్చే మనిషి. మొదటి గీత నుంచి ఆఖరి గీత దాకా నేనే గీశాను. ముగ్గు పోసిన రోజే చాచా అందరి ముందూ చెప్పేశాడు.

“నా మోకాళ్లు పోయినయ్. ఇదే నాకు ఆఖరి హాలు. నిరోష పాసయితే పేరు రాయుండ్రి. అంతా ఆమె చేతుల పెట్టి నేనింట్ల కూసుంట. పాస్ గాకుంటే బోర్డు దింపేద్దం. సగం తెలిసినోళ్ల చేతుల పెట్టనీకి నాకు మనసొప్పదు.”

సగం తెలిసినోళ్ళట! ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే నాకు ఒక ఉపాయం తట్టింది. ప్రశ్న ఏ కుర్చీలో అడుగుతారో ముందే తెలిసినప్పుడు, ఆ కుర్చీకే చదువుకుంటే పోలేదా? వెనక గోడను నున్నగా విల్లులా వంచాను. పైకప్పునూ దానికి తగినట్టే వంచాను. స్టేజీ నడుమ పుట్టిన మాట ఆ గోడకు తగిలి, ఎక్కడా చెదరకుండా, తిన్నగా ఆఖరి వరుస నడిమి కుర్చీలో వచ్చి పడాలి. చీమ తుమ్మినా చాచీకి వినపడాలి.

“ఏందక్కా, గోడను గిట్ల గిన్నె లెక్క చేస్తున్నవ్?” అన్నాడు మేస్త్రీ మల్లన్న.

“నువ్వు వంచు మల్లన్నా, నీకెందుకు,” అన్నాను. మల్లన్న తల గోక్కుంటూనే వంచాడు.

పరీక్ష రోజు వచ్చింది. చాచీకి హాలు పరీక్ష అంటే పండగే. కొత్త చెప్పులు, డబ్బాలో పూరీలు, ఫ్లాస్కులో చాయ్. కారులో కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు. బీచుపల్లి వంతెన ఎక్కగానే “అల్లా, ఎంత నిండుగ పోతున్నదే కృష్ణమ్మ! నిరోషా, సూడు సూడు!” అని నా భుజం వాయించేసింది. చాచా మాత్రం ముందు సీట్లో మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. వెనక జీపులో నాన్నా, తన్వీరూ. జీపులో మా రేకు బోర్డు కూడా ఉంది. “రాసుడో దింపుడో, ఆడనే అయిపోతది,” అని నాన్న దాన్ని ఊడదీసి రంగు డబ్బాతో సహా తెచ్చాడు.

చాచీ పోయి తన కుర్చీలో కూర్చుంది. అందరూ బయటికి నడిచారు. చాచాకు స్టేజీ మెట్లు ఎక్కడం చేతకాలేదు. నన్నే పిలిచాడు.

“పట్టుకోవే. ఇడిస్తే పడ్త. కానీ ఈడ ఇన్నది ఈడనే మర్చిపోవాలె.”

నేను ఆయన మోచెయ్యి పట్టుకొని స్టేజీ నడుమ నిలబడ్డాను. ఎన్నేళ్ళుగానో మేమంతా బుర్రలు బద్దలు కొట్టుకున్న రహస్యం నా చెవి పక్కనే బయటపడబోతోంది. చాచా గొంతు సవరించుకున్నాడు. నాకే వినీ వినపడనట్టుగా అన్నాడు.

“జహీరా, ఇదే ఆఖరిది. ఇగ ఇంటి పట్టునే ఉంట. నిన్నొక్కదాన్ని ఇడిసి ఊర్లు తిరగ.”

షాయరీ కాదు, ఉప్పూ కాదు. ఇంతలో అటు నుంచి “ఇనబడ్డదీ!” అని చాచీ కేక. నేను ఎగిరి గంతేశాను. గంతేస్తూ చాచాను వదిలేశాను. ఆయన తూలి మళ్ళీ నా భుజమే పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు మా ఇద్దరి చెవుల్లోనూ ఎవరో గుసగుసగా మాట్లాడారు. పక్కన ఎవరూ లేరు.

“అబద్ధాలోడు. కొల్లాపూర్ కాడ గూడ గిదే మాట, నాగర్‌కర్నూల్ కాడ గూడ గిదే మాట. ఇంట్ల కూసోని ఏంజేస్తడు, నా పానం తింటడు. ఈయన కొత్త హాలు కడితేనే గదా నేను కొత్త ఊరు సూసేది. యా అల్లా, ఈ మనిషి మోకాళ్లు బాగుజెయ్యి. ఇంకొక్క హాలు కట్టనియ్యి.”

చాచీ! అంత దూరాన, ఆఖరి వరుసలో, తల వంచుకొని తనలో తాను గొణుక్కుంటోంది. నేను వంచిన గోడ ఇటు మాటను అటు మోసినట్టే, అటు మాటనూ ఇటు మోసుకొచ్చింది. అది నేను కలలో కూడా అనుకోలేదు. మా సంస్థలో ఎవరూ ఎప్పుడూ ఆఖరి వరుస నుంచి స్టేజీకి పరీక్ష పెట్టలేదు మరి.

చాచా కదలలేదు. ఇంట్లో భార్యను ఒంటరిగా వదిలి సైట్ల వెంట తిరిగానని, ఆమెకు అన్యాయం చేశానని, ప్రతి హాలు దగ్గరా మాట ఇస్తూ, ఆ మాట తప్పుతూ, ముసలితనం దాకా లోపల లోపలే కుమిలిన మనిషి. నోరు తెరిచి మెల్లగా అడిగాడు.

“నిజంగనా జహీరా?”

అక్కడ చాచీ కుర్చీలోంచి సగం లేచింది. “యా అల్లా! ఎవరూ?”

“నేనే. నువ్వనేది ఈడికి ఇనబడ్తున్నది.”

“మొత్తమా?”

“మొత్తం.”

చాచీ బెదురుతూ, “పానం తింటడనేది గూడనా?”

“గది గూడ,” అన్నాడు చాచా. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. “మరి నాకెన్నడు జెప్పలేదేం?”

“నువ్వెన్నడన్న అడిగినవా? ఇనబడ్డదా లేదా అంటవ్. అంతే గదా నువ్వడిగేది.”

చాచా భుజం మీది రుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. అంత పెద్ద హాల్లో ఆ ఇద్దరూ అటొకరు ఇటొకరు నవ్వుకుంటుంటే నేనెక్కడ చూడాలో తెలియక పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాను. నా కళ్ళల్లోనూ నీళ్ళే.

తలుపు తీసేసరికి బయట తన్వీర్ మిఠాయి పొట్లం విప్పుతున్నాడు. నాన్న రంగు డబ్బా మూత తీశాడు. అందరికీ “ఇనబడ్డది” వినపడింది కదా. చాచా గుమ్మంలో నిలబడి ఒకే ముక్క చెప్పాడు.

“మూత పెట్టు దేవరాజూ. హాలు ఫెయిల్.”

“ఎందుకు ఫెయిల్?” నా అరుపుకు వెంకటన్న రెండడుగులు వెనక్కి వేశాడు. “చాచీ ఇనబడ్డదని అనలేదా? మీ రూలే కదా! మీరే పెట్టి మీరే తప్పుతరా?”

“అన్నది. రా, సూపిస్త.”

చాచా కుంటుకుంటూ పోయి మూల కుర్చీలో కూర్చున్నాడు. నన్ను స్టేజీ ఎక్కి ఏదో ఒకటి అనమన్నాడు. నేను ఆయన్ను తిట్టాను, మెల్లగానే. ఆయనకు వినపడలేదు. తలుపు పక్క కుర్చీకి మారాడు. ఇంకో తిట్టు తిట్టాను. అదీ వినపడలేదు.

“నువ్వు ఒక్క కుర్చీకి హాలు కట్టినవ్ బిడ్డా,” అన్నాడు చాచా. కోపంగా అనలేదు, అదే నాకింకా బాధ. “తక్కిన కుర్చీలల్ల కూసునేటోళ్లు ఏం పాపం జేసిండ్రు? ఇంకోటి ఇను. రేపు ఎవరో ఒకరు ఆ కుర్చీల కూసోని, పల్లికాయలు ఒలుచుకుంట, ఇంటిపక్కోళ్ల సంగతులు చెప్తరు. అవన్నీ రాజు వేషమోనికి పద్యం నడుమ ఇనబడ్తయ్!”

వచ్చే వారమే ప్రారంభోత్సవం. ఊరంతా చెప్పుకున్నామని వెంకటన్న తల పట్టుకున్నాడు. బోర్డు జీపులో అలాగే ఉంది. నేను విసవిసా హాలు వెనక్కి పోయి, సెంట్రింగ్ చెక్కల కుప్ప మీద కూలబడి, కోపం తీరేదాకా ఏడ్చాను. కాసేపటికి చాచీ వచ్చి పక్కన కూర్చుంది. పూరీ చుట్టి నా చేతిలో పెట్టింది.

“నాకోసం గోడ వంచినవంట గదనే?”

“మీకోసం కాదు, నా పేరు కోసం,” అన్నాను పూరీ నములుతూ. ఏడ్చేటప్పుడు అబద్ధం నోటికి రాదు నాకు.

“ఏదైతేంది. నేను ఆ కుర్చీల ఎందుకు కూసుంటనో ఎరుకేనా? ఆడ గోడ బాగుంటదని గాదు. అందరికన్న ఎనుకనున్నోళ్లకు ఇనబడితే, నడుమ ఉన్నోళ్లందరికి ఇనబడ్డట్టే అన్నడు మీ చాచా. నువ్వు నడుమ ఉన్నోళ్లను ఇడిసిపెట్టినవ్.” నా చెంప తుడిచింది. “అయినా మంచిపని జేసినవ్ పో. ఆయన చెవుల నా మాట ఏసినవ్.”

నాకు నవ్వొచ్చింది. లేవబోతే ఒక చెక్క గుచ్చుకుంది. తిట్టుకుంటూ దాన్ని తీసి పారేయబోయి, ఆగిపోయాను. కింద అన్నీ తెగిన ముక్కలే. ఒకటి మందం, ఒకటి పలుచన, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నా గోడ నున్నగా ఉంది కాబట్టే మాటనంతా పోగుచేసి ఒకే చోట కుమ్మరిస్తోంది. అదే గోడ ఎగుడుదిగుడుగా ఉంటే? తగిలిన మాటను అన్ని దిక్కులకూ పంచిపెడుతుంది! చదువుకున్న ముక్కే. పేరు మీద యావలో బుర్రలోంచి ఎగిరిపోయింది.

“మల్లన్నా! మేకులు పట్టుకరా! ఉన్నవన్నీ!”

“నున్నగ జెయ్యమంటివి, జేస్తిమి. ఇప్పుడు గరుకు జెయ్యమంటున్నవా?” మల్లన్న నెత్తి కొట్టుకున్నాడు. “గీ మాట ముందుగాల జెప్తే గోడ అంత నున్నగ ఎందుకు రుద్దుదుమక్కా!” అన్నాడు గానీ, మనుషులను పిలుచుకొచ్చింది అతనే.

ఐదారు రోజులు గోడ మీద సుత్తుల మోతే. మందంగా ఒకటి, పలుచగా ఒకటి, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. నాన్న ఊరుకోలేక పాత పరదాల రంగులన్నీ బయటికి తీశాడు. ముక్క ముక్కకూ రంగు వేస్తూ పోతే వెనక గోడే ఒక పరదాలా తయారైంది. తన్వీర్ కూడా పెన్సిలు పట్టి ముక్కలకు గుర్తులు పెట్టాడు. అది చూసి నేను ఏమీ అనలేదు, అంటే మళ్ళీ పారేస్తాడని. చాచా నడిమి కుర్చీలో కూర్చొని చూస్తూ ఉన్నాడు, దేనికీ అడ్డం రాలేదు. ఒక్కటే చెప్పాడు.

“ఆ ఆఖరి నడిమి కుర్చీ ఎనక జరంత గోడ ఖాళీగ ఇడువు.”

“ఎందుకు చాచా?”

“నీకెందుకే,” అన్నాడు, అచ్చం చాచీలా.

మళ్ళీ పరీక్ష. ఈసారి స్టేజీ మెట్లకు నేను కడ్డీ పెట్టించాను కాబట్టి చాచా ఎవరినీ పట్టుకోకుండానే ఎక్కాడు. మేమంతా బయట. తలుపు మూసి ఉంది. లోపల నుంచి చాచీ గొంతు, ఒక్కోసారి ఒక్కో చోటు నుంచి. మూలలోంచి “ఇనబడ్డది!” తలుపు పక్క నుంచి “ఇనబడ్డది!” నడుమ నుంచి “ఇనబడ్డది!” ప్రతిసారీ తన్వీర్ నా వీపు మీద ఒకటి వేస్తున్నాడు. నాన్న బోర్డును జీపు బానెట్ మీద ఆనించి, కుంచె రంగులో ముంచి పట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఆఖరి వరుస నడిమి కుర్చీ. చాచీ అడుగుల చప్పుడు అక్కడికి పోయి ఆగింది. చాలాసేపు కేక రాలేదు. తన్వీర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

తలుపులు అదిరేలా కేక వినపడింది. ఎన్నేళ్ళుగానో అరిచిన ఆ ఒక్క మాట కాదు.

“ఓ నిరోషా! మీ చాచా అమ్రాబాద్‌ల ఇంకో హాలు కడుదమంటుండే! నాకు అడివి సూపిస్తడంట!”

ఆ కుర్చీ వెనక గోడ ఖాళీగా విడవమన్నది వాళ్ళిద్దరూ ఇలా మాట్లాడుకోవడానికేనని నాకప్పుడు తెలిసింది. నాన్న కుంచె పట్టుకొని నా మొహం చూశాడు. తన్వీర్ తలుపు సందులో నోరు పెట్టి అరిచాడు. “అమ్మీ! అది సరే, ఇనబడ్డదా లేదా అది జెప్పు!”

“ఇనబడకుంటే నాకెట్ల తెలుస్తదిరా, బేవకూఫ్!”

నాన్న అప్పటికే నా పేరులో మొదటి అక్షరం రాసేశాడు.